జూనియర్ టైమ్ ట్రయల్‌కి వెళ్తున్నావా? సైకిల్ సర్దే ముందు ఇది చదువు

పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి మీరు గీరు అనకుండా నువ్వు అనే అంటాను, పెద్దవాళ్లు ఎవరైనా చదివితే సర్దుకోండి. టైమ్ ట్రయల్ చూడ్డానికి చాలా తేలికైన రేసు. నువ్వు, నీ సైకిలు, గడియారం, అంతే. నిమిషానికో ఒకటిన్నర నిమిషానికో ఒకరిని చొప్పున వదులుతారు, ఎవరు తక్కువ టైములో దూరం పూర్తి చేస్తే వాళ్లు గెలిచినట్టు. ఇంత తేలిగ్గా కనిపిస్తుంది కాబట్టే మనవాళ్లు కాళ్ల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా మిగతావాటి మీద పెట్టరు, తీరా అక్కడికి వెళ్లాక సైకిల్ కొలతల దగ్గరో, ర్యాంప్ (బయల్దేరే ఏటవాలు వేదిక) మీదో, మొదటి మూడు నిమిషాల్లోనో రేసు పోగొట్టుకుని వస్తారు. నేను చెప్పేది ఒక్కటే: ఆ రోజు చేయాల్సిన ప్రతి పనీ, షూ తొడుక్కోవడం దగ్గర్నుంచీ, ఇంటి దగ్గర అయిదారుసార్లు చేసి ఉండాలి. అక్కడ కొత్తగా చేసేది ఏదీ ఉండకూడదు. కింద రాసిందంతా దీని గురించే.

ముందు ఏ రేసో చూద్దాం. అంతర్జాతీయంగా జూనియర్ అంటే ఆ ఏడాదిలో 17 లేదా 18 ఏళ్లు నిండేవాళ్లు. 2026కి అయితే 2008లో గానీ 2009లో గానీ పుట్టినవాళ్లన్నమాట. పుట్టినరోజు డిసెంబర్‌లో వచ్చినా లెక్క ఏడాదిదే. 19 నుంచి 22 దాకా అండర్ 23. మన పిల్లలకి మొదట అందేది ఆసియా రోడ్ ఛాంపియన్‌షిప్. అందులో జూనియర్ అబ్బాయిలకీ అమ్మాయిలకీ విడిగా టైమ్ ట్రయల్ ఉంటుంది. దాని పైన ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఈ రెండిటికీ దేశం జట్టులో ఎంపికవ్వాలి, సొంతంగా ఫారం నింపి వెళ్లలేం. ఇవి కాకుండా ఫ్రాన్స్‌లో లెజెర్బియే అనే ఊళ్లో అక్టోబర్‌లో జరిగే క్రోనో దె నాస్యోఁ ఉంది. 1982లో ఆ ఊరి పేరుతోనే మొదలైంది, 2006 నుంచి ఈ పేరు. పెద్దవాళ్లతో పాటు కుర్రవాళ్లకీ విడిగా రేసులు పెడతారు. రోజంతా టైమ్ ట్రయల్ తప్ప ఇంకేమీ ఉండదు, నాలాంటి పిచ్చోళ్లకి అది తిరనాళ్లు.

దూరాలు చిన్నవే. 2022లో ఆస్ట్రేలియాలోని వులొంగాంగ్ ప్రపంచ పోటీల్లో అబ్బాయిలకి 28.8 కిలోమీటర్లు, అమ్మాయిలకి 14.1. వేల్స్ కుర్రాడు జాష్ టార్లింగ్ ఆ 28.8ని 34 నిమిషాల 59 సెకన్లలో లాగేశాడు, అంటే గంటకి 49 పైనే. అమ్మాయిల్లో జోయి బ్యాక్‌స్టెట్ 18 నిమిషాల 26 సెకన్లలో ముగించింది. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయికి ఆమెకీ తేడా నిమిషంన్నర పైన. పద్నాలుగు కిలోమీటర్లలో అంత తేడానా అని నేను రెండుసార్లు చూసుకున్నాను. 2025లో రువాండాలోని కిగాలీలో, ఆఫ్రికాలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో, అబ్బాయిలకి 22.6, అమ్మాయిలకి 18.3. అదంతా ఎత్తుపల్లాల ఊరు, పైగా సముద్ర మట్టానికి దాదాపు 1500 మీటర్ల పైన. కాబట్టి రేసు ఖరారవగానే మొదట అడగాల్సింది దూరం ఒక్కటే కాదు, ఎక్కుడు ఎంత, మలుపులు ఎన్ని, గాలి ఎటు అని కూడా.

వంగి కూర్చోవడమే సగం పని

గంటకి 45 కిలోమీటర్లు దాటాక చదును రోడ్డు మీద నీ బలమంతా దాదాపు గాలిని తోయడానికే పోతుంది. అందులో సైకిల్ వాటా తక్కువ, ముప్పాతిక వంతు దాకా నీ ఒంటిదే. పైగా గాలితో లెక్క మామూలుగా ఉండదు. వేగం పదో వంతు పెంచాలంటే, అంటే 40 నుంచి 44కి వెళ్లాలంటే, గాలిని చీల్చడానికి పెట్టే బలం ఇంచుమించు మూడో వంతు పెరగాలి. ఆరు నెలలు కష్టపడినా కాళ్లలో మూడో వంతు బలం పెరగదు. భుజాలు దగ్గరికి తెచ్చుకుని, తలని తాబేలులా లోపలికి లాక్కుంటే దాంట్లో కొంత పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. లక్షలు పోసి డిస్క్ వీల్ (ఊచలు లేకుండా పళ్లెంలా మూసేసిన చక్రం) కొని, దాని మీద ముడుచుకుని కూర్చునే బదులు చొక్కా గుండీ పెట్టుకోకుండా తిరిగేవాడిలా తొక్కేవాళ్లని చాలామందిని చూశాను.

అయితే వంగి కూర్చోవడం వేరు, అలా వంగి అరగంట తొక్కడం వేరు. మొదటి వారం అయిదు నిమిషాలకే మెడ పట్టేస్తుంది, నడుము లాగుతుంది, సీటు మీద ముందుకి జారుతుంటావు. కాబట్టి మెల్లగా పెంచు. ట్రైనర్ (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద అయిదు నిమిషాలు, తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు, అలా నీ రేసు టైము దాకా. ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసుకో. మొదట్లో చక్కగా ఉన్న తల పదో నిమిషానికి ఎంత పైకి లేచిందో నువ్వే చూస్తావు. నాకైతే ముక్కు చివరి నుంచి చెమట బొట్లు ముందు కడ్డీల (మోచేతులు ఆనించి పట్టుకోవడానికి హ్యాండిల్ నుంచి ముందుకి పొడుచుకొచ్చేవి) మధ్య ఒకే చోట పడుతుంటే తల కదలట్లేదని అర్థం, బొట్లు అటూ ఇటూ పడితే అలిసిపోయానని అర్థం. ఏ మీటరూ అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, తల దించడమంటే రోడ్డు చూడకపోవడం కాదు. కళ్లు పైకెత్తి ముందున్న రోడ్డు చూడలేనంతగా దించితే ఆ కూర్చునే తీరు నీకు పనికిరాదు, ఆగి ఉన్న లారీ వెనక గుద్దుకునేది ఇలాంటివాళ్లే.

ఎక్కడ సాధన చేయాలి అంటే హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్లతో తెరిచారు. వంగి కూర్చోవడం అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు, కానీ ఆదివారం పొద్దున్న వద్దు. పిల్లలూ, సెల్ఫీలూ, అద్దె సైకిళ్లూ, నీ చేతులేమో బ్రేకులకి దూరంగా ముందు కడ్డీల మీద ఉంటాయి. మామూలు రోజుల్లో తెల్లారకముందే వెళ్లు, ఎవరైనా ఎదురొస్తే చేతులు బ్రేకుల మీదకి తెచ్చేసుకో. వైజాగ్ వాళ్లకి ఇంకో అదృష్టం ఉంది, భీమిలి రోడ్డు మీద సముద్రం వైపు నుంచి కొట్టే పక్కగాలి. ఎత్తు రిమ్ములు, వెనక డిస్క్ వేసుకుని ఆ గాలిలో తొక్కి చూడు. భవనం చాటు దాటి ఒక్కసారిగా ఖాళీలోకి రాగానే హ్యాండిల్ ఎలా లాగుతుందో తెలుస్తుంది. 2021లో ప్రపంచ పోటీల టైమ్ ట్రయల్ బెల్జియం తీరంలోని క్నోకె-హీస్ట్‌లోనే మొదలైంది. సముద్రం ఎక్కడైనా సముద్రమే.

కొలతలు: ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు

రేసు పొద్దున్న నీ సైకిల్‌ని ఒక చట్రంలో నిలబెట్టి కొలుస్తారు. నిబంధన ప్రకారం నీ స్టార్ట్ టైముకి కనీసం 15 నిమిషాల ముందు అక్కడ ఉండాలి. నామాట విని గంట ముందే ఒకసారి చూపించుకో, తప్పుంటే సరిచేసుకోవడానికి టైము ఉంటుంది. సైకిల్ బరువు 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదు, టైమ్ ట్రయల్ సైకిల్‌కి ఆ భయం లేదులే, ఎంత తక్కువన్నా దానికన్నా బరువే ఉంటుంది. ఫ్రేమ్ మీద యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య) ఆమోదం గుర్తు ఉందో లేదో చూసుకో. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు మరీ ముఖ్యంగా, ఎందుకంటే మళ్లీ రంగు వేయించినప్పుడు అది పోయి ఉండొచ్చు.

అసలు గొడవ ముందు కడ్డీల దగ్గర. పెడల్ క్రాంక్ తిరిగే ఇరుసు నుంచి ముందు కడ్డీ చివర దాకా అడ్డంగా ఎంత దూరం ఉండొచ్చు అన్నది నీ ఎత్తుని బట్టి ఉంటుంది. 180 సెంటీమీటర్ల లోపు ఎత్తు ఉంటే 80 సెంటీమీటర్లు, 180 నుంచి 190 లోపు అయితే 83, ఆపైన 85. మోచేయి ఆనించే ప్యాడ్‌కీ కడ్డీ చివరికీ మధ్య ఎత్తు తేడా కూడా వరసగా 10, 12, 14 సెంటీమీటర్లు మించకూడదు. ఇవి 2023లో వచ్చిన కొలతలు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి వెళ్లే నెలలో యూసీఐ సైట్‌లో కొత్త పత్రం దింపుకుని ఒకసారి చదువు, ఎవరో చెప్పారని వదిలేయకు. మేజోళ్లకి కూడా రూలుంది తెలుసా? చీలమండకీ మోకాలికీ మధ్య సగం ఎత్తు దాటకూడదు. నవ్వొస్తుంది గానీ అక్కడ నిలబెట్టి కొలుస్తారు.

ఇంటి దగ్గరే గోడకి ఆనించి, లెవెల్ చూసుకుని, టేపు పట్టుకుని కొలువు. నిబంధన 80 అంటే నువ్వు 79.5 దగ్గర పెట్టుకో, ఎందుకంటే వాళ్ల చట్రం వేరు, నేల వాలు వేరు. ఇది ఎందుకు ఇంతలా చెప్తున్నానంటే, ఒక రేసులో మా కుర్రాడి సైకిల్ కడ్డీలు ఒక సెంటీమీటర్ ముందుకి ఉన్నాయని వెనక్కి పంపేశారు. తప్పు మాదే, ముందురోజు రాత్రి హోటల్ గదిలో మంచం కోళ్ల మధ్య సైకిల్ నిలబెట్టి కొలిచాం. ఆలెన్ కీ సెట్టు (బోల్టులు బిగించే ఆరు పలకల కీలు) టీమ్ వ్యాన్‌లో ఉంది, వ్యాన్ పార్కింగ్ అవతలి చివర. నేను పరిగెత్తి తెచ్చేసరికి వాడి చేతులు వణుకుతున్నాయి, నావీ వణుకుతున్నాయి. కడ్డీలు లోపలికి తోసి బిగించాం, బిగించామనుకున్నాం. ఏడో కిలోమీటర్‌లో గతుకు మీద కుడి కడ్డీ కిందకి వాలిపోయింది. మిగతా దారంతా వాడు ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి 4, 5 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు రెండూ నా జేబులోనే ఉంటాయి, పెళ్లికి వెళ్లినా.

గేర్ల సంగతి. జూనియర్లకి 2022 చివరి దాకా పరిమితి ఉండేది, పెడల్ ఒక్కసారి పూర్తిగా తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకి మించి వెళ్లకూడదు, అంటే ముందు చక్రానికి 52 పళ్లు, వెనక దానికి 14. 2023 నుంచి అది తీసేశారు. అందుకని పిల్లలంతా ఇప్పుడు 58 పళ్ల చైన్‌రింగులు (పెడల్ దగ్గర ఉండే పళ్ల చక్రాలు) అడుగుతున్నారు. వద్దనను, కానీ నిమిషానికి 90 సార్లు తిప్పలేని గేరు నీకు బరువే.

సర్దుకోవడం

విడదీసే ముందు సీటు కడ్డీ మీద, ముందు కడ్డీల మీద రంగు టేపుతో గుర్తులు పెట్టు, ప్రతి కొలతా కాగితం మీద రాసి ఫొటో తీసి ఉంచు. వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేమ్ లోపల కట్టు, దాన్ని పట్టుకునే హ్యాంగర్ ఒకటి అదనంగా పెట్టుకో. అది మెత్తటి లోహం, సామాను విసిరేవాళ్లకి ఆ సంగతి తెలియదు. ఎలక్ట్రానిక్ గేర్ల స్పేర్ బ్యాటరీ చేతి సంచీలోనే ఉండాలి, పెద్ద సామానులో వేయనివ్వరు. షూస్, హెల్మెట్, స్కిన్‌సూట్ (ఒంటికి అతుక్కునే రేసు బట్టలు) కూడా చేతి సంచీలోనే. సైకిల్ రాకపోతే అక్కడ ఎవరో ఒకరు ఇస్తారు, నీ కాలికి సరిపోయే షూ ఎవరూ ఇవ్వరు.

తిండి గురించి అమ్మలకి ఒక మాట. ఆ పూట ఆవకాయ వద్దండీ. పులిహోర కూడా వద్దు. రేసుకి మూడు గంటల ముందు అన్నం, కొంచెం పెరుగు, అరటిపండు, లేదంటే పాలల్లో నానబెట్టిన అటుకులు. అటుకులు ఒక కిలో పెట్టెలో పడేస్తే ఏ దేశంలోనైనా వేడి పాలు దొరుకుతాయి. హోటల్‌లో పొద్దున్నే కనిపించే కొత్త కొత్త పదార్థాలు రేసు అయ్యాక తినొచ్చు.

దారి చూడటం

రేసుకి ముందు రోజుల్లో దారి మీద తొక్కే అవకాశం ఇస్తారు. కనీసం మూడు చుట్లు వేయి. మొదటిది మెల్లగా, ఆగుతూ. మ్యాన్‌హోల్ మూత ఎక్కడుంది, తెల్ల గీతలు ఎక్కడ మందంగా వేశారు (తడిస్తే వాటి మీద టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది), ఏ మలుపు లోపలికి ముడుచుకుంటుంది అన్నీ చూడు. రెండోది రేసు వేగంలో సగం. మూడోసారి మలుపులు మాత్రం అసలు వేగంతో వెళ్లి చూడు, కడ్డీల మీద నుంచి చేతులు తీయకుండా తిరగగలిగేవి ఏవి, బ్రేక్ పట్టాల్సినవి ఏవి అన్నది అప్పుడు తేలిపోతుంది. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని దారంతా మనసులో తొక్కు. ఎక్కడ గుర్తు రాకపోతే అక్కడికి పొద్దున్న మళ్లీ వెళ్లు.

వాన పడితే టైర్లలో గాలి కొంచెం తగ్గించు. 2024 పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్ రోజు వానే. ఇందాక చెప్పిన టార్లింగ్‌కి ఆ రోజు ముందు టైరు పంక్చర్ అయింది, సైకిల్ మార్చుకుని నాలుగో స్థానంలో వచ్చాడు, కాంస్యానికి రెండు సెకన్ల పైచిలుకు దూరంలో. నీ వెనక వచ్చే కారు మీద రెండో సైకిల్ ఉంటే దాని సీటు ఎత్తు, గేరు, కడ్డీల కొలత అన్నీ నీ సైకిల్‌కి సరిపోయాయో లేదో ముందురోజే ఎక్కి చూసుకో. అది ఎక్కే సాధన కూడా చెయ్యి. 2019లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో జూనియర్ టైమ్ ట్రయల్ మొదలైన కాసేపటికే ఇటలీ కుర్రాడు ఆంటోనియో తిబేరి సైకిల్ మొరాయించింది. దిగి, ఇంకోటి ఎక్కి, మళ్లీ సున్నా వేగం నుంచి మొదలుపెట్టి కూడా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, దాదాపు 8 సెకన్ల తేడాతో. కారు వాళ్లకి సైకిల్ ఏ చేత్తో అందించాలో కూడా చెప్పి ఉంచు.

ఆ గంట

స్టార్ట్ టైము 11:42 అనుకుందాం. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసి కాగితం మీద రాసి ట్రైనర్ ముందు అంటించు. 10:50కి ట్రైనర్ ఎక్కి అరగంట వేడెక్కాలి, మొదట తేలిగ్గా, మధ్యలో రేసు బలంతో రెండు మూడుసార్లు ఒక్కో నిమిషం, చివర మళ్లీ తేలిగ్గా. ఎండ ఉంటే మెడ వెనక తడి గుడ్డ వేసుకో. 11:20కి దిగి, ఒళ్లు తుడుచుకుని, స్కిన్‌సూట్ జిప్ వేసుకో. నంబర్ మాత్రం ముందే పెట్టించుకుని ఉండాలి, అదీ నువ్వు సైకిల్ మీద వంగి ఉన్నప్పుడు. నిలబడి పెట్టించుకుంటే వంగగానే అది బుడగలా లేచి గాలికి టపటపలాడుతుంది, ఆ చప్పుడు వింటూ అరగంట తొక్కడం కన్నా నరకం లేదు. 11:27కి సైకిల్ కొలత దగ్గర. ఒకసారి కొలిచాక సైకిల్‌ని ఇంక ముట్టుకోకు. ఈ లెక్క తప్పి ఆలస్యంగా వస్తే ఎవరూ ఆగరు, నీ గడియారం 11:42కే మొదలైపోతుంది.

ర్యాంప్ ఇంటి గుమ్మం కన్నా ఎత్తు, పైకెక్కగానే కింద జనం చిన్నగా కనిపిస్తారు. వెనక ఒకాయన సీటు పట్టుకుంటాడు. అప్పుడు రెండు షూలూ పెడల్‌కి తగిలించుకో. మొదటిసారి అందరికీ అక్కడే గుండె జారుతుంది, కాలు కింద పెట్టే వీలు లేకుండా ఎవరో ముక్కూమొహం తెలియనివాడి చేతిలో నీ బరువంతా పెట్టాలి. ఇంటి దగ్గర నాన్నతోనో తమ్ముడితోనో ఇది సాధన చేయించు, రెండు ఇటుకల మీద చెక్క వేసినా చాలు. నీకు బలమున్న కాలు ముందుకి, గడియారంలో ముల్లు రెండు దగ్గర ఉన్నట్టు. గేరు మధ్యలో పెట్టు, అన్నిటికన్నా పెద్ద గేరు పెట్టి బయల్దేరినవాళ్లు చైన్ లాగలేక ర్యాంప్ కింద ఊగిపోతుంటారు. ఎదురుగా ఉన్నాయన అయిదు వేళ్లు చూపించి ఒక్కొక్కటి మడుస్తాడు. ఊపిరి వదిలెయ్యి. వేలు మడిచినప్పుడల్లా ముందుకి ఒరగకు, పట్టుకున్నవాడు తడబడతాడు.

పరుగు

మొదటి మూడు నిమిషాలు నీకు అబద్ధం చెప్తాయి. విశ్రాంతి తీసుకున్న కాళ్లు, జనం అరుపులు, ర్యాంప్ వాలు, అన్నీ కలిసి గంటకి 55 కూడా తేలికే అనిపిస్తుంది. నేను మొదటి రేసులో అలాగే పోయాను. 20 కిలోమీటర్ల దారి, నాలుగో కిలోమీటర్ దగ్గర మనసులో స్టేజి మీద దండ వేయించుకుంటున్నాను, పన్నెండో కిలోమీటర్ దగ్గర నా వెనక రెండు నిమిషాలకి బయల్దేరినాయన, తెల్ల మీసాలాయన, పక్క నుంచి "లాగు బాబూ" అంటూ వెళ్లిపోయాడు.

పవర్ మీటర్ (నువ్వు పెట్టే బలాన్ని వాట్లలో చూపించేది) ఉంటే నీ సగటు అంకె ఎంతో దానికి కొంచెం తక్కువలోనే మొదటి మూడు నిమిషాలు ఉండు. లేకపోతే ఊపిరి చూసుకో, ముక్కుతో నోటితో కలిపి తీసుకునే ఊపిరి ఒక లయలో ఉండాలి, రొప్పు వచ్చిందంటే అప్పుడే అప్పు చేశావన్నమాట. ఎక్కుడులో సగటు కన్నా కొంచెం ఎక్కువ పెట్టు, దిగుడులో కొంచెం తగ్గించి ఒళ్లు ఇంకా ముడుచుకో. ఎదురుగాలిలో కూడా అంతే, కొంచెం ఎక్కువ. ఎందుకో లెక్క చెప్తాను. పది కిలోమీటర్లు వెళ్లి పది వెనక్కి రావాలి, గాలి లేకపోతే గంటకి 40 చొప్పున సరిగ్గా 30 నిమిషాలు. ఎదురుగాలిలో 35, వెనకగాలిలో 45 తొక్కావనుకో, సగటు 40యే కదా అనిపిస్తుంది. కానీ వెళ్లడానికి 17 నిమిషాల 9 సెకన్లు, రావడానికి 13 నిమిషాల 20 సెకన్లు, మొత్తం 30 నిమిషాల 29 సెకన్లు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటావు కాబట్టి అక్కడ పెంచిన ప్రతి కిలోమీటరూ ఎక్కువసేపు పనిచేస్తుంది. వెనకగాలిలో ఎగిరిపోతున్నట్టు ఉంటుంది, అక్కడ ఎంత పొడిచినా వచ్చేది తక్కువ.

నీకన్నా ముందు వెళ్లినవాళ్లని అందుకుంటే వెనక అంటుకుని వెళ్లకూడదు, టైము కలుపుతారు. దాటేటప్పుడు పక్కన కనీసం 2 మీటర్ల ఎడం వదలాలి. దాటించుకున్నవాడు కిలోమీటర్ అయ్యేసరికి 25 మీటర్లు వెనక ఉండాలి. నిన్ను ఎవరైనా దాటితే ఏడుపు మొహం పెట్టకు. కిగాలీలో పెద్దవాళ్ల రేసులో రెమ్కో ఎవెనెపూల్, తనకన్నా ముందు బయల్దేరిన స్లొవేనియా మేటి సైక్లిస్టు పొగచార్‌నే దారిలో పట్టుకుని దాటేశాడు. ఈ ఎవెనెపూల్ చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు, 2018లో ఇన్స్‌బ్రుక్‌లో జూనియర్ టైమ్ ట్రయల్‌ని నిమిషం 23 సెకన్ల తేడాతో గెలిచి, అదే వారం రోడ్ రేసు కూడా గెలిచాడు.

చివరి మూడు కిలోమీటర్ల బోర్డు కనిపించాక అంకెలు చూడటం మానేయి. అప్పటిదాకా దాచుకున్నది ఉంటే అది ఖర్చు పెట్టేది అక్కడే. నోట్లో ఇనుము రుచి వస్తుంది, చెవుల్లో నీ ఊపిరి తప్ప ఏమీ వినపడదు, అది మామూలే. భయపడాల్సింది తల తిరిగినప్పుడు, చలి వేసినప్పుడు, అలా అయితే మెల్లగా పక్కకి ఆపెయ్యి, సిగ్గుపడకు.

గీత దాటాక

వెంటనే ఆగకు, వెనక వచ్చేవాళ్లకి అడ్డం అవుతావు. తేలిక గేరులో పది నిమిషాలు తిప్పు, నీళ్లు తాగు. డోపింగ్ పరీక్షకి నీ నంబర్ పిలిచారేమో జట్టు మేనేజర్‌ని అడుగు. జూనియర్లనీ పిలుస్తారు, పిలిచాక కనిపించకపోతే పరీక్ష తప్పించుకున్నట్టే లెక్క. జలుబు మందు కూడా డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు, అమ్మమ్మకి కూడా.

స్నానం చేసే ముందే నోట్‌బుక్ తీసి రాయి. ఎక్కడ ఊపిరి తప్పింది, ఏ మలుపులో అనవసరంగా బ్రేక్ పట్టావు, మెడ ఎన్నో నిమిషంలో పట్టేసింది, గాలి నువ్వు అనుకున్న వైపు నుంచే వచ్చిందా. సాయంత్రానికి ఇవన్నీ మర్చిపోతావు, స్థానం ఒక్కటే గుర్తుంటుంది. తర్వాత సైకిల్ తుడిచి, గుర్తులు పెట్టిన టేపులు అక్కడే ఉన్నాయో జారాయో చూసుకుని పెట్టెలో సర్దు.